హజ్రత్ ఒళ్ళో బిడ్డ

ఆత్మకూరులో అంగన్‌వాడీ మీటింగు ముగించుకుని ఉదయగిరి బస్సెక్కితే చాలు, మధ్యాహ్నపు ఎండకు నాకు కునుకు పడుతుంది. పోయిన వారమూ అలాగే కిటికీకి తల ఆనించి జోగుతున్నాను. పక్క సీటావిడ వాంతి రాకుండా ఉండాలని లవంగం కొరికింది. ఆ ఘాటు ముక్కుకు తగలగానే సగం నిద్రలోనే జరిగి చోటిచ్చాను. హజ్రత్ వచ్చి కూర్చున్నారనుకున్నాను. ఆయన పోయి ఏళ్ళయింది. కళ్ళు తెరిస్తే వెళ్ళిపోతారేమోనని చాలాసేపు తెరవనే లేదు.

హజ్రత్ మా వీధి మసీదులో నమాజు చదివించే పెద్దాయన. మా ఇంటికి రెండిళ్ళ అవతల ఉండేవారు. మేము దూదేకులవాళ్ళం, ఇంట్లో తెలుగే మాట్లాడతాం. ఆయనా మాతో తెలుగులోనే మాట్లాడేవారు. బస్సెక్కితే కడుపులో తిప్పుతుందని జేబునిండా లవంగాలు పెట్టుకునేవారు. ఊరు దాటడమంటే ఆయనకు పెద్ద శిక్ష. అలాంటి మనిషి నా బిడ్డ కోసం ఆత్మకూరు దాకా వచ్చారు. ఆ సంగతే ఇప్పుడు చెప్పబోయేది.

నా కొడుకు మస్తాన్ పుట్టినప్పుడు మా అత్త హుస్సేనమ్మ నీళ్ళు పోస్తూ కేక పెట్టింది. "మలక్‌లే సున్తీ చేసి పంపినారే! ఏం పుణ్యం చేసుకున్నామో!" మలక్‌లంటే దేవదూతలు. పైచర్మం సగమే ఉండి పుట్టిన మగబిడ్డను మా వైపు అలాగే అనుకుంటారు. వీధి వీధంతా వచ్చి బిడ్డ చేతులు కళ్ళకద్దుకుని పోయింది. బాలింత మగతలో, సాంబ్రాణి పొగలో, కిటికీలోంచి దుర్గం కొండ మీద మబ్బులు దిగుతుంటే చూస్తూ నేనూ గర్వపడ్డాను. కానీ కొన్నాళ్ళకు ఒకటి కనిపెట్టాను. బిడ్డ ఒంటికి పోసుకుంటే ధార ముందుకు రాదు. కిందికి జారి తొడలు తడుస్తాయి. పాపం, ముక్కేవాడు. అత్తతో అంటే "దిష్టి పెట్టబాక" అని నా నోరు మూయించింది.

ఏడాది నిండాక జ్వరమొస్తే ఆత్మకూరు తీసుకెళ్ళాను. అక్కడ డాక్టరమ్మ బిడ్డను పరీక్షగా చూసింది. మూత్రం వచ్చే దారి ఉండాల్సిన చోట కాకుండా కింద ఉందనీ, నెల్లూరులో ఆపరేషన్ చేయించాలనీ చెప్పింది. "ఉన్న చర్మంతోనే ఆ దారి కట్టాలమ్మా. అప్పటిదాకా ఎవర్నీ కత్తి పెట్టనీయొద్దు." అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది! "అసలు నోరులేని బిడ్డలకి ఈ కోతలేంది?" అని కూడా అనేసింది. నాకు ఒళ్ళు మండింది. అయినా ఇంటికొచ్చి రెండు మాటలూ చెప్పాను. మా వాళ్ళు రెండో మాట పట్టుకుని మొదటిది గాలికొదిలేశారు. "మన ఆచారమంటే ఆమెకి గిట్టదు. అందుకే ఆపరేషనని బెదిరిస్తా ఉండాది," అన్నాడు మా ఆయన ఖాసిం. వరికుంటపాడులో ఉండే మా బావగారు ఇంకో మెలిక పెట్టాడు. "మలక్‌లు సగం చేసి పంపినారంటే, మిగతా సగం మనల్ని చెయ్యమనే గదా!" ఆయన కొడుకులిద్దరికీ ఒడుగులు, అంటే సున్తీ వేడుక, పెట్టుకున్నారు. అదే పందిట్లో మస్తాన్‌కి కూడా కానిచ్చేయాలని తీర్మానించేశారు.

నేను బిడ్డనెత్తుకుని ఏడుస్తూ హజ్రత్ ఇంటికి పరిగెత్తాను. ఆయన అంతా విని గడ్డం నిమురుకున్నారు. "నాకు తెలీదు బిడ్డా," అన్నారు. మసీదు పెద్ద నోట ఆ మాట వినడం నాకదే మొదటిసారి. "ఆమె మనకి నచ్చని మాట అనిందని నచ్చాల్సిన మాట పారేసుకుంటామా? పద, ఇద్దరం పోయి అడుగుదాం."

డాక్టరమ్మ గదిలో జరిగిందంతా ఇప్పుడు తలచుకుంటే నీళ్ళలో మునిగి విన్నట్టుంటుంది. ఫ్యాను నెమ్మదిగా తిరుగుతోంది. బిడ్డ నా భుజం మీద నిద్రపోతున్నాడు. సున్తీ మంచిదనే డాక్టర్లు ఉన్నారు, అవసరం లేదనే డాక్టర్లూ ఉన్నారు, ఇంకా తెగలేదు అంటోంది డాక్టరమ్మ. "కొన్ని చోట్ల ఆడబిడ్డలకి కూడా కోస్తారు పెద్దాయనా. దానికీ దేవుడి పేరే చెప్తారు."

"అది తప్పు," అన్నారు హజ్రత్ వెంటనే. "ఆడబిడ్డకి హాని చేసేదాన్ని నేను దీన్ అనను, మతమని ఒప్పుకోను."

"మరి మగబిడ్డని అడిగి చేస్తున్నారా?"

ఆయన జేబులోంచి లవంగం తీసి నోట్లో వేసుకున్నారు. "లేదు, అడగలా. మా నాయన నాకు చేయించినాడు, నేను నా కొడుకులకి చేయించినాను. మాకది గుర్తు. వొదిలెయ్యమంటే నేను వొదల్లేను. కానీ ఈ బిడ్డ సంగతి వేరే. ఆ చర్మం పోతే ఏమైతాది, అది చెప్పండి."

డాక్టరమ్మ మెత్తబడింది. తన చేతిరుమాలు గొట్టంలా చుట్టి చూపించింది. "ఇట్లా కట్టాలంటే గుడ్డ కావాలి కదండీ. ఉన్నది కత్తిరించి పారేస్తే ఒక్కసారితో పోయేది ఎన్నిసార్లు కోయాల్సొస్తుందో చెప్పలేం." హజ్రత్ రుమాలు అందుకుని తన వేళ్ళ మధ్య చుట్టి చూసుకున్నారు. బయటికొచ్చాక నన్నూ బిడ్డనూ బల్ల మీద కూర్చోబెట్టి, ఇంకో మాట అడగాలని ఆయన ఒక్కరే మళ్ళీ లోపలికెళ్ళొచ్చారు.

ఒడుగుల రోజు పందిట్లో డప్పులు, మల్లెపూలు, బిరియానీ వాసన. అత్త నా బిడ్డకు కూడా కొత్త బట్టలు తొడిగి మెడలో దండ వేసింది. బావగారి పిల్లలది అయిపోయింది. ఇక మస్తాన్ వంతు అనగానే వాడి కోసం పందిరంతా వెతికాను. అప్పటికే హజ్రత్ వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని ఖర్జూరం తినిపిస్తున్నారు.

"బిడ్డనియ్యండి హజ్రత్," అంది అత్త.

"ఈ బిడ్డని నేనియ్యను హుస్సేనమ్మా."

బావగారు లేచాడు. "మీరే అడ్డం పడితే ఎట్ల? వీడు మనోడా, కాదా?"

"నమాజుకి వరస నిలబెట్టేది నేను. అందులోంచి వీణ్ణి తియ్యాలంటే నేనే తియ్యాల. నేను తియ్యను." ఆయన గొంతు పెంచలేదు. బిడ్డను మాత్రం ఇంకా దగ్గరికి హత్తుకున్నారు. సరిగ్గా అప్పుడే మా వాడు ముక్కి ముక్కి ఆయన తెల్లటి జుబ్బా మీద పోసేశాడు. ఒకరిద్దరు కిసుక్కుమన్నారు. హజ్రత్ నవ్వలేదు. "చూడు హుస్సేనమ్మా, పోసుకునేదానికి కూడా బిడ్డ ఎట్ల కష్టపడతా ఉండాడో. దీన్ని మనం వరమని పండగ చేసుకున్నాం." అత్త ఆ తడిసిన జుబ్బానే చూస్తూ నిలబడింది. తరవాత వచ్చి, పైట చెంగుతో దాన్ని తుడుస్తూ భోరుమంది. ఖాసిం తలొంచుకున్నాడు. బావగారు మాత్రం అన్నం ముట్టకుండా వెళ్ళిపోయాడు. ఆ తరవాత కొన్ని శుక్రవారాలు హజ్రత్ వెనక నమాజుకు మనుషులు తగ్గారు. "ముసలాయన డాక్టర్ల మాట విని దీన్ మార్చేశాడు" అన్నారు. ఆయన ఆ మాటలన్నీ పడ్డారు, అంతే.

నెల్లూరులో ఆపరేషన్ బాగా జరిగింది. ధార ముందుకొచ్చిన రోజు నేనూ అత్తా ఒకరినొకరు పట్టుకుని పిచ్చివాళ్ళలా నవ్వాం. ఇంకో విచిత్రం, ఉన్న చర్మమంతా ఆ దారి కట్టడానికే సరిపోయింది. చూడ్డానికి సున్తీ అయిన బిడ్డలాగే ఉన్నాడు. అత్త ఇల్లిల్లూ తిరిగి చెప్పుకొచ్చింది. నేను హజ్రత్ దగ్గరికి పరిగెత్తి చెబితే ఆయన ఆశ్చర్యపోలేదు. "ఇట్లనే ఉంటాదని ఆత్మకూరు డాక్టరమ్మ ముందే చెప్పింది బిడ్డా," అన్నారు.

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "ఆ ఒక్క మాట పందిట్లో చెప్పుంటే గొడవే లేకపోను గదా! అందరితో అన్ని మాటలెందుకు పడినారు?"

ఆయన నా వైపు ఎంతో జాలిగా చూశారు. "ఆ మాట చెప్పి గెలిచుంటే, రేపు అట్ల కనపడని బిడ్డొకడు వస్తే వాణ్ణి ఎవురు ఒళ్ళో పెట్టుకుంటారు?"

ఇప్పుడు నా అంగన్‌వాడీకి రకరకాల బిడ్డలొస్తారు. "వాణ్ణి మా వాడి పక్కన కూర్చోబెట్టబాక టీచరమ్మా" అనే తల్లులూ వస్తారు. వాళ్ళ మనసుకు నచ్చే కారణం ఏదో ఒకటి చెప్పి సర్దేయడం నాకు చేతకాక కాదు. చెప్పను. ఆ బిడ్డనెత్తి నా ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఆ తల్లి కళ్ళలోకి చూస్తూ పిల్లలతో పాట మొదలుపెడతాను.