గిటారులో మిగిలిన మర

బస్ డిపోలో టైం కీపరుగా ముప్పై ఏళ్ళు పనిచేసినవాడికి గడియారం లేని వాక్యం రుచించదు. నా డైరీల్లో ప్రతి రోజూ ఏదో ఒక సమయంతోనే మొదలవుతుంది. ఆ డైరీలన్నీ అటక మీద సంవత్సరాల వరసలో ఉంటాయి. శంషాబాద్‌లో విమానాశ్రయం తెరిచి రెండేళ్ళు దాటిన ఆ ఎండాకాలం, పాత డైరీ ఒకటి దించబోయి స్టూలు మీద నుంచి పడ్డాను. ఎడమ మణికట్టు విరిగింది. నేను రాసేది ఎడమచేత్తోనే.

కట్టు విప్పేసరికి ఎముక అతుక్కుంది గానీ వేళ్ళు కట్టెల్లా బిగుసుకుపోయాయి. చెంచా పట్టుకుంటేనే జారిపోయేది, ఇక కలం సంగతి చెప్పేదేముంది! కుడిచేత్తో ప్రయత్నిస్తే రాసిన నాకే అర్థం కాలేదు. అందుకని రోజూ సాయంత్రం నేను చెబుతుంటే నా భార్య రాసేది. ఆమె దస్తూరి గుండ్రంగా, ముచ్చటగా ఉంటుంది. ఇబ్బంది దస్తూరితో కాదు.

"ఉదయం ఆరు పదికి లేచాను" అని చెప్పాను. వారం తరువాత తిరగేస్తే "పొద్దుగాల లేచిండు" అని ఉంది. దాని కింద నేను చెప్పనిది కూడా ఉంది: "కాకరకాయ కూరల ఉప్పు ఎక్కువైంది. ఆయనకు తెల్వలె. నేను చెప్పలె."

"ఇది నా డైరీ. నేను చెప్పిందే రాయాలె" అన్నాను.

"చెప్పెటోడు చెప్పాలె, రాసెటోళ్ళు రాయాలె. డిపోల బస్సులకు గిట్లనే చెప్పినవా?"

"టైము చెప్పిన!"

"టైముకు వచ్చినయా మరి?"

ఆమె డైరీని తీసుకెళ్ళి తన పెట్టెలో పెట్టి తాళం వేసింది. "నీ ఎడమచేత్తోని నాలుగు మాటలు సక్కగ రాసి చూపియ్యి, గప్పుడు తీస్కో. అందాక గిది నా దగ్గర్నే ఉంటది, నేనే రాస్త" అంది. నలభై ఏళ్ళ అలవాటు ఇనుప పెట్టెలో బందీ అయిపోయింది. నా గురించి నాకు తెలియకుండా అందులో ఏమేమి చేరుతున్నదో అని మనసు మనసులో లేదు.

దవాఖానలో డాక్టరు రబ్బరు బంతి పిసకమన్నాడు. రెండు రోజుల్లో విసుగొచ్చింది. నా భార్య చపాతీ పిండి పిసకమంది. ఆ చపాతీలు తిన్నాక ఆమే వద్దంది. "వేళ్ళతో మీకు నచ్చిన పని ఏదైనా చేయండి" అన్నాడు డాక్టరు చివరికి. నా వేళ్ళకు నచ్చిన పని ఒకటే, అది పెట్టెలో ఉంది.

అలాంటి రోజుల్లో కాలనీ మీటింగుకు కుర్చీలు మాట్లాడటానికి పాల్మాకులలోని ఒక టెంట్ హౌస్‌కు వెళ్ళాను. గోడకు గరిటెలు, జల్లెడలు వరసగా వేలాడుతున్నాయి. వాటి మధ్య నల్లగా, జిడ్డుగా, మెడ పొడుగ్గా ఉన్న వస్తువొకటి కనిపించింది.

"గిదేంది తమ్మీ, గిటారా?" అని అడిగాను టెంట్ హౌస్ యజమానిని.

"ఒకప్పుడు గిటారే అన్నా. ఇప్పుడేందో నాకే తెల్వదు" అన్నాడు. ఒకప్పుడు ఆయన పెళ్ళిళ్ళలో పాటల పార్టీ నడిపాడట. డీజేలు వచ్చాక పార్టీ మూతపడింది, గిటారు గరిటెల్లో కలిసిపోయింది. "కరెంటు గిటారు. స్పీకర్ డబ్బకు తగిలిస్తెనే మోగుతది. డబ్బ ఎప్పుడో అమ్మేసిన. ఉత్తగ మీటితె దోమ లెక్క వినవడతది, అంతే."

"ఏ చేత్తోని నొక్కాలె?"

"ఎడమచేత్తోని నొక్కుడు, కుడిచేత్తోని మీటుడు."

అక్కడికక్కడే నిశ్చయించుకున్నాను. ఇది వాయిద్యం కాదు, మందు. మందుకు బేరమేమిటని అడిగినంత ఇచ్చేశాను. ఆయన దాన్ని చిరిగిన షామియానా గుడ్డలో చుట్టి ఇస్తూ, "మటన్ వాసన వస్తె నన్ను అనకు అన్నా" అన్నాడు. బస్సులో కండక్టరు ఆ మూటను ఎగాదిగా చూసి, "బాపు, నాగలి గిట్ల తీస్కపోతున్నవా?" అన్నాడు. జిడ్డుకు జడిసి పక్కన ఎవరూ కూర్చోలేదు. ఇల్లు చేరేదాకా నేనూ గిటారే ఆ సీటును ఏలాం.

గడపలోనే నా భార్య అడ్డం నిలబడింది. "చేతులు సక్కగున్నన్ని దినాలు ఈల సుత ఎయ్యలె. ఇరిగినంక గిటారా? తలస్నానం చేయించంది లోపలికి తేకు."

ఆ మాటే పనికొచ్చింది. వరండాలో పాత పేపర్లు పరుచుకుని కూర్చున్నాను. కుంకుడు రసంలో గుడ్డ ముంచి, గట్టిగా పిండి, జానెడు జానెడు చొప్పున తుడిచాను. మొదటి రోజు మూడు జానలు. తుప్పు పట్టిన తీగలు తీసేశాను. మెడ మీద అడ్డంగా బిగించిన సన్నటి ఇనుప పట్టీల పక్కన మురికి గట్టిపడి ఉంటే అగ్గిపుల్లతో గీకి, పాత టూత్ బ్రష్‌తో రుద్దాను. రెండో రోజు ఆ నలుపు కింద నుంచి రంగు బయటపడింది. ఎరుపు! పండుమిరప ఎరుపు.

"ఓయమ్మ! ఎర్రగున్నదే! నేను బొగ్గనుకున్న" అని నా భార్య కూడా వచ్చి పక్కన కూర్చుంది.

మూడో రోజు మరలు విప్పాను. ఇరవై రెండు. పైకే లెక్కపెట్టి వరసగా పేర్చాను. పై పలక ఎత్తితే లోపల చమ్కీలు, ఒక ఎండిన బొద్దింక, చారెడు పసుపు బియ్యం. నా భార్య ఆ గింజలను అరచేతిలోకి తీసుకుంది. "మంది పెండ్లిల అక్షింతలు గిన్ని దీని మీదనే పడ్డయి. గందుకే ఇంక బతికున్నది" అంది. బొద్దింక గురించి మాత్రం ఏమీ అనలేదు.

అంతా తుడిచి మళ్ళీ బిగించాను. ఒక మర మిగిలింది.

డిపోలో ఒక్క బస్సు మిగిలినా నిద్రపట్టని మనిషిని నేను. మిగిలినది మిగతావాటికన్నా కొంచెం లావుగా ఉంది. అందుకే అది లోపల ఏదో ముఖ్యమైన చోటిదై ఉంటుందని మరీ కంగారుపడ్డాను. అంతా విప్పాను. అంతా బిగించాను. మళ్ళీ అదే మిగిలింది. ఇక నా లెక్క మీద నాకే అనుమానం మొదలైంది.

ఐదో రోజు, ఏ మర ఏ రంధ్రానిదో రాసి పెట్టుకుంటే తప్ప తేలదని నా భార్యను పిలిచాను. "జర వచ్చి రాయవా?"

"నా రాత నీకు నచ్చది గద? నువ్వే రాస్కో. నాకు పొయ్యి మీద పప్పున్నది" అంది వంటింట్లోంచి.

కోపం వచ్చింది. గోడకున్న పాత క్యాలెండరు కాగితం చింపి, వెనక వైపు పెన్సిలుతో నేనే రాశాను. వెనక మూత, పై మూల. వెనక మూత, కింది మూల. మెడ అడుగున, మొదటిది. అలా ఇరవై రెండు వరసలు. ఒక్కో పేరు పక్కన ఒక్కో మర పెట్టాను. ఇరవై మూడోదానికి పేరు లేదు. తల పట్టుకుని కూర్చున్నాను.

నా భార్య వచ్చింది. కాగితాన్ని వంగి చూసింది. లోపలికి వెళ్ళింది, పెట్టె తాళం చప్పుడైంది. డైరీ తెచ్చి నా ఒళ్ళో పడేసి, "ఇగో, నీ సొమ్ము" అంది.

"ఎందుకు?"

"గా కాగితం ఎవలు రాసిండ్రు? నేనైతె రాయలె."

అప్పుడు చూసుకున్నాను. అక్షరాలు ఒక పక్కకు ఒరిగాయి, 'ళ' పూర్తిగా పడుకుంది. కానీ అవి నావే. పెన్సిలు ఇంకా ఎడమచేతిలోనే ఉంది.

డైరీ తెరిచాను. ఒక్క చోట కూడా సమయం లేదు. కానీ రోజు తప్పలేదు.

"బ్రష్షు కుడిచేత్తోని మొదలువెట్టిండు. నడుమల ఎడమకు మార్సుకున్నడు. ఆయనకే తెల్వదు."

"ఇయ్యాల సిటికెన ఏలు వంగింది. చెప్పలె. చెప్తె లెక్కవెట్టుకుంట కూసుంటడు."

"కుక్కర్ పిడి మర ఊడింది. బిగిస్తడని ఆయన మరల పక్కన వెట్టిన. చెప్పుడు మర్శిన."

దాని మరుసటి రోజు: "మల్ల అంత ఇప్పుతున్నడు. ఏళ్ళు మంచిగ తిరుగుతున్నయి. ఇయ్యాల సుత చెప్పలె."

తలెత్తి చూశాను. నా భార్య మొహం తిప్పుకుని, మా కప్పు మీదుగా దిగుతున్న విమానాన్ని ఎన్నడూ చూడనట్టు చూస్తోంది. దాని మోత తగ్గేదాకా ఆగి అన్నాను:

"మూడు దినాలు నన్ను పరేషాన్ చేసినవు."

"నేనా? నేను మర్శిన. అండ్లనే రాసున్నది సూడు."

తరువాత గిటారుకు కొత్త తీగలు వేయించాను. ఒక్క పాట కూడా రాలేదు. గోడకు వేలాడుతూ ఎర్రగా ఉంటుంది, అంతే. కానీ డైరీ చేతికొచ్చిన ఆ రోజు మాత్రం ముందుగా వంటింట్లోకి వెళ్ళి, ఇరవై మూడో మరను దాని చోట బిగించాను. వచ్చి కూర్చుని, డైరీలో వంకర అక్షరాలతో రాశాను: "సాయంత్రం ఆరు ఐదు. కుక్కర్ పిడి బాగుచేశాను."

నా భార్య భుజం మీదుగా తొంగి చూసింది.

"పొద్దుగూకంగ అని రాయి" అంది.