అమ్మా పెద్దమ్మా ఒకే ఫోటోలో: కొత్త కెమెరాతో మొయినాబాద్ పార్కులో ఒక రోజు

నేను కెమెరా కొన్నది పార్కు కోసం కాదు. మా అమ్మ, మా పెద్దమ్మ కలిసి ఉన్న ఫోటో ఒక్కటి కావాలనిపించి కొన్నాను. పార్కు ఆలోచన తర్వాత వచ్చింది. పెద్దమ్మ అమ్మకు సొంత అక్క. చేవెళ్లలో ఉంటుంది, చామంతి, టమాట పండిస్తారు. నా చిన్నప్పటి ఎండాకాలం సెలవులన్నీ ఆ ఇంటి అరుగు మీద పుస్తకాలు చదువుతూ గడిచాయి. రెండేళ్ల కిందట మా అన్న పెళ్లి జరిగింది. ఆ రోజు నుంచి అక్కాచెల్లెళ్లకు మాటల్లేవు. పెళ్లి ఆల్బమ్‌లో కుటుంబమంతా నిలబడిన పెద్ద ఫోటో ఉంది, అందులో పెద్దమ్మ లేదు. ఎందుకని అమ్మను అడిగితే "ఆమెనే అడుగు" అంది. పెద్దమ్మను అడిగితే "నీ తల్లిని అడుగు" అంది. ఒకరిని రెండోసారి అడగగలిగే మనిషిని కాను నేను.

ఇంతలో మా ఆఫీసులో అందరికీ డిజిటల్ కెమెరాల పిచ్చి పట్టింది. జీతాలు పెరిగిన ఏడాది అది. టీ తాగే చోట ఎవరి కెమెరాకు ఎన్ని మెగాపిక్సెల్స్ అన్నదే మాట. కోఠిలో ఒక దుకాణానికి వెళ్లాను. దుకాణం ఆయన ఐదు మెగాపిక్సెల్స్‌ది చేతిలో పెట్టి, "తీస్కోండ్రి మేడం, రేపు మీ ఫోటో ఫ్లెక్సీ కొట్టించి చౌరస్తల కట్టినా బొమ్మ పగలదు" అన్నాడు. నా ఫోటో చౌరస్తాలో ఊహించుకుని చెమట పట్టింది. మూడు మెగాపిక్సెల్స్‌ది అడిగాను. ఆల్బమ్‌లో పెట్టుకునే ప్రింటుకు అది చాలు. మీరు కొనేటప్పుడు మెగాపిక్సెల్స్ కంటే ముందు కంటితో చూసే చిన్న కిటికీ, అంటే వ్యూఫైండర్, ఉందో లేదో చూడండి. పార్కు ఎండలో వెనక తెర మీద ఏమీ కనిపించదు, మీ ముఖమే కనిపిస్తుంది. ఆప్టికల్ జూమ్ ఎంతో అడగండి. డిజిటల్ జూమ్ అనేది బొమ్మను సాగదీయడమే తప్ప దగ్గరికి తేవడం కాదు. మామూలు పెన్సిల్ సెల్స్‌తో నడిచేది అయితే దారిలో ఏ కిరాణా కొట్టులోనైనా సెల్స్ దొరుకుతాయి. ఇక బటన్ నొక్కాక ఫోటో పడటానికి ఎంత ఆలస్యమవుతుందో దుకాణంలోనే నొక్కి చూడండి. నేను చూడలేదు. ఆ సంగతి మొయినాబాద్‌లో తెలిసింది.

డిసెంబర్ ఆదివారం. అమ్మా నేనూ ఏడింటికి మెహదీపట్నంలో చేవెళ్ల బస్సు ఎక్కాం. జెయింట్ వీల్, నీళ్ల ఆటలు ఉన్న ఆ పార్కు మొయినాబాద్ పక్కనే కాబట్టి అక్కడే దిగిపోవచ్చు. కానీ పెద్దమ్మ, ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలిస్తేనే వస్తానంది. లంగర్‌హౌజ్ దాటగానే ఊరు వెనకపడి, మంచు మొదలైంది. రోడ్డుకు రెండు పక్కలా పెద్ద చెట్లు మంచులోంచి ఒక్కొక్కటిగా వచ్చి, మళ్లీ మంచులోకి పోతున్నాయి. పొలాల్లో కొత్తగా పాతిన ప్లాట్ల రాళ్లు తెల్లగా, బడి ముందు వరుసకట్టిన పిల్లల్లా నిలబడి ఉన్నాయి. కిటికీ అద్దానికి తల ఆనించి ఉంటే, బస్సు కాదు, ఆ చెట్లే ఎక్కడికో ప్రయాణం చేస్తున్నట్టు అనిపించింది. అమ్మ ఒళ్లో సంచి పట్టుకుని కళ్లు మూసుకుంది. నిద్రపోలేదని నాకు తెలుసు.

చేవెళ్ల బస్టాండులో అమ్మ బెంచీ మీద కూర్చుండిపోయింది. నేనొక్కదాన్నే ఇంటికి వెళ్లాను. పెద్దమ్మ అప్పటికే పట్టుచీర కట్టుకుని గడప దగ్గర నిలబడి ఉంది.

"నీ తల్లేది?"

"బస్టాండ్ల ఉన్నది పెద్దమ్మా."

"ఇంటి దాక రానీకి కాళ్లు లేవా ఆమెకు?"

నేను కుంకుమ భరిణె తీసి బొట్టు పెట్టాను. ఆమె నుదురు ముందుకు వంచి పెట్టించుకుంది. "నీ కోసం వస్తున్న బిడ్డా. ఆమె పక్కన మాత్రం కూసోను. ముందే చెప్తున్న" అంది.

మొయినాబాద్‌కు షేర్ ఆటోలో మనిషికి ఐదు రూపాయలు తీసుకున్నారు. నేను మధ్యలో, చెరో పక్క చెరొకరు. కొంచెం దూరం పోయాక అమ్మ, ఎదురుగా చూస్తూ, "మీ పెద్దమ్మను చెవులకు కొంగు కట్టుకొమ్మను, సలిగాలి" అంది. పెద్దమ్మ పొలాల వైపు చూస్తూ, "మీ అమ్మకు చెప్పు, నా చెవుల ఫికరు నాకున్నది" అంది. ఆటో డ్రైవర్ అద్దంలోంచి చూసి నవ్వాడు. "నడిమిట్ల ఈ చెల్లె ఎందుకమ్మా టెలిఫోన్ లెక్క? ఇద్దరి ముక్కులు చూస్తే ఒక్క తల్లి పిల్లలే అని నాకే తెలుస్తున్నది" అన్నాడు. ఇద్దరూ ఒకేసారి కొంగుతో ముక్కు తుడుచుకున్నారు. మొయినాబాద్ అవతలి హిమాయత్‌నగర్ ఊరికి పోయేవాళ్లు ఎక్కడంతో ఆటో కిక్కిరిసి, మాటలు ఆగిపోయాయి.

పార్కులోకి బయటి తిండి రానివ్వరు. అందుకని మొయినాబాద్ చౌరస్తాలో తినే వెళ్లాం. ఒకామె రోడ్డు పక్కన మిరపకాయ బజ్జీలు వేస్తోంది. బజ్జీలు అందిస్తూ, "పార్కుకేనా? నీళ్లల్ల దిగకుండ్రి అవ్వా, ఈ సలికి దవాఖాన పాలైతరు" అని పెద్దమ్మకు చెప్పింది. అప్పుడు చూశాను. అమ్మ బజ్జీ చీల్చి, మిరపగింజలు వేలితో తీసి కాగితం అంచున పెడుతోంది. ఇటు పక్క పెద్దమ్మ కూడా సరిగ్గా అట్లాగే తీసి పెడుతోంది. కెమెరా తీసి నొక్కాను. ఒక క్షణం ఏమీ కాలేదు. తర్వాత టిక్కుమంది. ఆ క్షణంలో ఇద్దరూ తలలు తిప్పేసుకున్నారు. ఫోటోలో కాగితం మీద గింజల కుప్పలు రెండు మాత్రం పడ్డాయి. బటన్ సగం నొక్కి పట్టుకుని, సమయం వచ్చినప్పుడు పూర్తిగా నొక్కితే ఆలస్యం తగ్గుతుందని తర్వాత తెలుసుకున్నాను.

చౌరస్తా నుంచి ఆటోలో పది నిమిషాలు. టికెట్ మనిషికి నూట యాభై. పదిన్నరకు లోపలికి వెళ్లాం. గేటు దగ్గరి ఫౌంటెన్‌ను ఫోటో తీయాలంటే పదకొండు లోపే తీయండి, సూర్యుడు వెనక నుంచి నీళ్లలోకి దిగి ప్రతి చుక్కా వెలుగుతుంది. జెయింట్ వీల్‌ను కింద నుంచి తీస్తే ఇనుప కడ్డీలే వస్తాయి. కొంచెం దూరంగా చిన్న కుంట ఉంది, దాని ఒడ్డు నుంచి తీయండి. నీళ్లలో ఇంకో చక్రం తలకిందులుగా తిరుగుతుంటుంది. నేను అక్కడ చాలాసేపు నిలబడిపోయాను. రెండు చక్రాలూ ఒకదాన్నొకటి తాకే చోట గాలికి నీళ్లు కదిలితే, మనుషులున్న ఊయలలు మెత్తగా కరిగి మళ్లీ కుదురుకుంటున్నాయి. అలల కొలను దగ్గరికి కెమెరా తీసుకెళ్లకండి, పైన నడిచే వంతెన మీది నుంచి జూమ్‌తో తీస్తే చాలు.

మధ్యాహ్నం మూడయ్యేసరికి కెమెరా కార్డులో నలభైకి పైగా ఫోటోలు ఉన్నాయి. అమ్మ ఉన్నవి, పెద్దమ్మ ఉన్నవి. ఇద్దరూ ఉన్నది ఒక్కటీ లేదు. ఒకరిని పిలిస్తే ఇంకొకరు చెప్పులు సర్దుకోవడానికి వంగేవారు. అలిసిపోయాను. ఇక వెళ్లిపోదామా అనుకుంటున్నప్పుడు, నీలగిరి చెట్ల మధ్య టాయ్ ట్రెయిన్ కనిపించింది. కూర్చుని పోయేది కాబట్టి ఇద్దరూ ఒప్పుకున్నారు. పెద్దమ్మ ముందు బోగీలో కూర్చుంది. అమ్మ వెనక బోగీ వైపు నడిచింది. ట్రెయిన్ నడిపే ఆయన అడ్డం వచ్చాడు.

"ఆ బోగీ తడిగున్నదమ్మా, ఇప్పుడే కడిగినం. ముంగట అవ్వ పక్కన కూసో."

వేరే దారి లేక అమ్మ వెళ్లి కూర్చుంది. మధ్యలో సంచి పెట్టుకుంది. నేను ప్లాట్‌ఫారం మీదే ఉండిపోయి వ్యూఫైండర్‌లోంచి చూశాను. చెట్ల సందుల్లోంచి పడమటి వెలుగు ఇద్దరి ముఖాల మీదా ఒకే తీరుగా పడుతోంది. పొద్దుటి నుంచి వెతికిన ఫోటో అదే. పెద్దమ్మ మాత్రం అటు తిరిగి ఉంది. ఈల వినిపించింది. నా గొంతు నాకే కొత్తగా పైకి లేచింది.

"పెద్దమ్మా, దిగు! జల్ది దిగు, బండి పోతున్నది!"

పెద్దమ్మ కొంగు దోపుకుని, లేచి, గబగబా ట్రెయిన్ దిగిపోయింది.

ట్రెయిన్ కదిలింది. అప్పటికే నొక్కిన బటన్ అప్పుడు టిక్కుమంది. అమ్మ ఒక్కతే ఖాళీ సీటు మీద చెయ్యి చాపి, నోరు తెరిచి మావైపు చూస్తూ చెట్లలోకి వెళ్లిపోయింది.

"మీ ఇంట్ల దిగుమనుడు దప్ప ఇంకో మాట రాదా?" అంది పెద్దమ్మ. "ఆనాడు నీ తల్లి దిగుమన్నది, ఇయ్యాల నువ్వు."

"ఫోటో దిగుమన్న పెద్దమ్మా."

"ఏంది?"

"ఫోటో. ఇటు తిరిగి ఫోటో దిగుమన్న."

మా కాన్వెంటులో ఫోటో అంటే 'స్మైల్ ప్లీజ్'. ఇంట్లో మాత్రం ఫోటో తీసేవాళ్లు తీస్తారు, మిగతావాళ్లు దిగుతారు. పెద్దమ్మ బెంచీ మీద మెల్లగా కూర్చుంది. పట్టాల వైపు చూస్తూ, నెమ్మదిగా అంది.

"పెండ్లిల స్టేజి మీద నిలవడ్డ. కింద నుంచి మీ అమ్మ అరిచింది. 'అక్కా, దిగు, జల్ది దిగు, జనం నిలవడ్డరు' అని. అందరి ముంగట. పెద్దదాన్ని, నన్ను స్టేజి దిగుమంటదా అని దిగి, అన్నం గూడ తినకుండ బస్సెక్కిన."

చెట్ల వెనక ట్రెయిన్ ఎక్కడో ఈల వేసింది. ఆకుల నీడలు ప్లాట్‌ఫారం మీద ఊగుతున్నాయి. ఆ చుట్టు తిరిగి రావడానికి నాలుగైదు నిమిషాలే పడుతుంది, కానీ ఆ ట్రెయిన్ ఇంకెప్పటికీ రాదేమో అనిపించింది. వచ్చింది. పూర్తిగా ఆగకముందే అమ్మ లేచి నిలబడింది. నన్ను మధ్యలో పెట్టుకోకుండా, రెండేళ్ల తర్వాత నేరుగా అక్కతో మాట్లాడింది.

"నన్నొక్కదాన్ని ఇడిసి ఎందుకు దిగినవు? ఆనాడు గిట్లనే దిగిపోతివి. వియ్యపోల్ల ముంగట నా ఇజ్జత్ తీస్తివి!"

"నువ్వే దిగుమంటివి!"

"ఫోటో దిగుమన్న!"

"ఫోటో అన్న మాట నీ నోట్ల నుంచి రాలేదు, సుశీలా."

"కెమెరా ముంగట నిలవడ్డదానికి ఇంకేం దిగుమంటరక్కా? బాయిల దిగుమంటరా?"

ట్రెయిన్ నడిపే ఆయన ఇంజన్ పక్కన నిలబడి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "అమ్మా, మీరు ఎక్కుతరా, దిగుతరా? ఏదో ఒకటి చెప్పుండ్రి, నేను బండి తోలాలె" అన్నాడు.

ముందు నవ్వింది పెద్దమ్మే. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. అమ్మ నవ్వలేదు. సీటు మీది సంచి తీసి కింద పెట్టి, పక్కకు జరిగింది. పెద్దమ్మ ఎక్కి కూర్చుంది. ఈసారి నేనూ ఎదుటి సీట్లో కూర్చున్నాను. దారి పొడుగునా వాళ్లు పోట్లాడుకుంటూనే ఉన్నారు. ఆ రోజు వంకాయ కూరలో ఉప్పెక్కువైందని ఒకరు, తినకుండా పోయినదానికి ఉప్పెట్ల తెలిసిందని ఒకరు. నీలగిరి ఆకుల వాసన, మధ్యమధ్య వెలుగు, మధ్యమధ్య నీడ. నేను నొక్కుతూనే ఉన్నాను. ఒక్క ఫోటోలోనూ ఇద్దరూ కెమెరా వైపు చూడలేదు.

ఐదున్నరకు మొయినాబాద్ స్టాప్‌లో నిలబడ్డాం. పెద్దమ్మకు చేవెళ్ల వైపు, మాకు సిటీ వైపు బస్సు. చేవెళ్ల బస్సు ముందు వచ్చింది. పెద్దమ్మ ఎక్కింది. ఆమె వెనకే అమ్మ కూడా ఎక్కేసింది.

"అమ్మా, బట్టలు?" అన్నాను రోడ్డు మీద నిలబడి.

"అక్క చీర కట్టుకుంట. నువ్వు పో. ఫ్రిజ్‌ల పెరుగున్నది."

కిటికీ పక్క సీటు కోసం ఇద్దరూ ఒకరినొకరు నెట్టుకోవడం బయటి నుంచి కనిపించింది. కెమెరా ఎత్తాను. కార్డు నిండిపోయింది. ఏది తీసేయాలో తేల్చుకునేలోపు బస్సు వెళ్లిపోయింది.

సిటీ బస్సులో ఒక్కదాన్నే వచ్చాను. పొద్దున మంచులో కలలా కనిపించిన చెట్లు ఇప్పుడు ఎర్రటి వెలుగులో స్పష్టంగా, కొమ్మకొమ్మా లెక్కపెట్టేలా ఉన్నాయి. పక్క సీటు ఖాళీ. అయినా ఒంటరిగా అనిపించలేదు. పుస్తకాల మధ్య పెరిగినదాన్ని, మాటల మీద నాకు పట్టుందనుకునేదాన్ని. మా ఇంట్లో రోజూ అనుకునే ఒక చిన్న మాట ఇద్దరి మధ్య రెండేళ్లు గోడలా నిలబడితే, నాకు ఆ గోడే కనిపించింది, మాట కనిపించలేదు. అమ్మ మూడు రోజులు చేవెళ్లలోనే ఉండి, రెండు సంచుల టమాటాలతో తిరిగి వచ్చింది.

వెళ్లేవాళ్లకు ఒక్క మాట. కార్డు నిండేదాకా పార్కులోనే ఫోటోలు తీయకండి. ఓ పదింటికి చోటు మిగుల్చుకోండి, గేటు బయటికి వచ్చాక బస్‌స్టాప్ దగ్గర అవసరం పడవచ్చు.