ఎర్ర ఫిల్టరు, అత్త బొట్టు

మావయ్య పోయాడన్న కబురు మా పత్రిక ఆఫీసుకు ట్రంకు కాల్‌లో వచ్చింది. మాట్లాడింది ఆయన కూతురు. జంషెడ్‌పూర్‌లో పుట్టి పెరిగిన పిల్ల. ఇంట్లో తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పడం అలవాటు. "బావా, నాన్న నహీ రహే. సుబహ్ సుబహ్, చాయ్ పీతే పీతే," అంది. పొద్దున్నే టీ తాగుతూ తాగుతూనే పోయాడట. తర్వాత లైన్లో గరగర. దాని మధ్య నుంచి తెలుగులో, "వత్తన్నావా?" అని అడిగింది. వస్తున్నానని చెప్పాను.

ఆయన రిటైరై రెండేళ్లు కాలేదు. ఉక్కు కంపెనీ రోలింగు మిల్లులో ఫిట్టరుగా చేరి, ఫిట్టర్లకు పని పురమాయించే చార్జిమన్‌గా బయటికి వచ్చాడు. ఊరికి తెలిసింది అంతే. ఆయన తీసిన ఫోటోలు ఎన్నో దేశాల ప్రదర్శనల్లో గోడలకెక్కాయని బర్మామైన్స్‌లో ఆయన సందులోనే సగం మందికి తెలియదు. ఎవరైనా అడిగితే, "ఆదివారం ఊరికే కూకోలేక తీత్తన్నాను," అనేవాడు.

విలేకరి తప్పు రాస్తే సవరణ వేయాలి. నేను చేసిన ఒక తప్పు ఏళ్ల తరబడి మావయ్య పేరు మీద ఉండిపోయింది. ఆయన ఉండగా వేయలేకపోయిన సవరణ ఇది.

డెబ్బైల మధ్యలో నేను జంషెడ్‌పూర్‌లోనే కాసిడీహ్ పేటలో ఒక గది అద్దెకు తీసుకుని ఒక ఇంగ్లీషు పత్రికకు వార్తలు పంపేవాణ్ణి. మావయ్య మా అమ్మకు తమ్ముడు. నా భోజనం సగం రోజులు వాళ్లింట్లోనే. ఆయన దగ్గర రెండు కటకాల కెమెరా ఉండేది, మెడలో వేలాడేసుకుని పైనుంచి తొంగి చూసే రకం. రీలుకు పన్నెండు ఫోటోలు. పొద్దుటి షిఫ్టు దిగి, అన్నం తిని, స్నానాలగది కిటికీకి గొంగళి కట్టి లోపల కూర్చునేవాడు. ఫోటోలు కడగడం, పెద్దవి చేయడం అన్నీ అందులోనే. కొళాయి వచ్చే వేళకు అత్త తలుపు కొట్టేది.

"ఏటండీ, ఇంట్లో మనుసులు స్నానాలు సెయ్యక్కర్లేదేటి?"

"ఐదు నిమిషాలే. ఆకాశం వత్తంది."

"రానీండి. వచ్చినాక బాల్టీ ఇలగియ్యండి."

ఆకాశం అంటే మందు నీళ్లలో కాగితం మీద మెల్లగా తేలే ఆకాశం. ఆయనకు మబ్బుల పిచ్చి. ఆయన ఫోటోల్లో మూడు వంతులు మబ్బులు, ఒక వంతు మనిషి.

ఊళ్లో ఫోటోగ్రాఫర్ల క్లబ్బు ఒకటి ఉండేది. నెలకో ఆదివారం మోడల్ షూట్ పెట్టేవారు. ఎవరో సభ్యుడి బంధువుల అమ్మాయి, కాలేజీ పిల్ల, పట్టుచీర కట్టుకుని చేతిలో కుండతోనో గొడుగుతోనో వచ్చేది. పార్కులో చెట్టు కింద ఆమెను నిలబెడితే చుట్టూ పన్నెండు కెమెరాలు. ఒకాయన వెండి కాగితం అంటించిన అట్టతో ముఖం మీదికి ఎండ తిప్పేవాడు. ఒకరు "ఇధర్ దేఖియే" అంటే ఇంకొకరు "నహీ, ఇధర్" అనేవారు. ఎటు చూడాలో తెలియక ఆ పిల్ల కిందికి చూసేది. పన్నెండు ఫోటోల్లోనూ అది సిగ్గుగా వచ్చేది. మావయ్య రెండు మూడుసార్లు వెళ్లి మానేశాడు.

"ఒకే పిల్లని పన్నెండుమంది తీత్తే పన్నెండు ఫోటోలు రావురా అల్లుడూ," అన్నాడు. "ఒకే ఫోటో పన్నెండుసార్లు వత్తది."

ఆయనకు మోడల్ అత్తే. ఆమె ముందే చెప్పేసింది. "నిలబడమంటే నిలబడతాను, తిరగమంటే తిరుగుతాను. నవ్వమంటే మట్టుకు నాకు రాదు. మీరే నవ్వించుకోండి." ఆమెకు చదువు రాదు. విదేశాల నుంచి పార్సెళ్లు తిరిగొచ్చినప్పుడు స్టాంపుల మీది బొమ్మలు చూసి దేశాలు గుర్తుపట్టేది. "నా మొకం ఈసారి రాణీగారి ఊరెల్లొచ్చిందా?" అని అడిగేది. తాను టాటానగర్ స్టేషను దాటి ఎన్నిసార్లు వెళ్లిందో వేళ్ల మీద చెప్పగల మనిషి.

పోటీలకు పంపే పద్ధతి ఇది. ఫోటోలను పన్నెండు పదిహేను అంగుళాల సైజులో వేసి, ప్రతిదాని వెనకా ఇంగ్లీషులో ఒక పేరు రాసి, ఫారం నింపి రిజిస్టరు పార్సెల్ కట్టాలి. మూడు నాలుగు నెలలకు ఎంపికైందో లేదో కార్డు వస్తుంది. ఎంపికైనవి అచ్చు పుస్తకంలోకి ఎక్కుతాయి. అలా కావలసినన్ని ఎంపికలు పోగైతే ఒక విదేశీ సంస్థ, మన పేరు వెనక రాసుకునే బిరుదు ఇస్తుంది. మావయ్య ఏళ్లుగా పోగు చేస్తున్నాడు. నేను చెబుతున్న సంగతి నాటికి ఒక్కటే తక్కువ.

ఆయనకు ఫారాలు టైపు చేసేది నేను. పేర్లు పెట్టేదీ నేనే. ఆయనను అడిగితే ఒకటో నంబరు, రెండో నంబరు అనేవాడు.

వానలు తగ్గిన ఒక ఆదివారం పొద్దున్న నది అవతల మాంగో అనే పేటలో బంధువులను చూసి వస్తూ, ఆయన అత్తను సువర్ణరేఖ ఒడ్డున ఒక రాతి మీద కూర్చోబెట్టాడు. తెల్లటి నూలు చీర, సన్నటి ఎర్ర అంచు. నుదుట కుంకుమ. గాలికి చేతులు కొంగులో దాచుకుంది. వెనక ఆకాశం నిండా మబ్బులు. ఆయన కెమెరాకు ఎర్ర ఫిల్టరు తగిలించాడు.

నలుపు తెలుపు ఫోటోలో ఎర్ర ఫిల్టరు నీలాన్ని నల్లగా చేస్తుంది. అందుకే మబ్బులు తెల్లగా లేచి వస్తాయి. దానితోపాటు అది ఎరుపును తెల్లబరుస్తుంది. ఫోటోలో ఆకాశం అద్భుతంగా వచ్చింది. చీర అంచు చెరిగిపోయింది. నుదుటి బొట్టు చెరిగిపోయింది. గాజులు ఎలాగూ కొంగు కింద ఉన్నాయి.

"మబ్బు సూడరా," అన్నాడు మావయ్య, తడి కాగితం పట్టుకుని.

నేను నుదురు చూశాను. ఆ పొద్దున్న నాకు టిఫిను పెట్టినప్పుడు ఆ నుదుట బొట్టు ఉంది. ఆ మాట చెప్పకుండా, ఆ రోజు నింపిన ఫారంలో ఆ ఫోటో ఎదురుగా ఇంగ్లీషులో 'విధవ' అని కొట్టాను. ఆ పేరు చూస్తే దూరదేశపు జడ్జీలు ఒక నిమిషం ఆగుతారని నా లెక్క.

"ఏటి రాసేవు?" అని అడిగాడు.

"ఒంటరి ఆడమనిషి అని."

ఆయన తల ఊపి పార్సెల్‌కు లక్క వేశాడు.

ఆ ఫోటోకు వెండి పతకం వచ్చింది. తక్కువైన ఒక్కటీ నిండింది. క్లబ్బువాళ్లు ఒక ఆదివారం పొద్దున్న హాలు తీసుకుని సన్మానం పెట్టారు. అత్త కొత్త చీర కట్టి, రూపాయి కాసంత బొట్టు పెట్టుకుని ముందు వరసలో కూర్చుంది. నేను ఆమె పక్కన. క్లబ్బు అధ్యక్షుడు విదేశం నుంచి వచ్చిన పుస్తకం విప్పి అందరికీ చూపిస్తూ, ఫోటో పేరును హిందీలోకి మార్చి చదివి, ఆ ముఖంలో ఎంత బాధో అని మెచ్చుకున్నాడు. "విధవా. క్యా దర్ద్ హై ఇస్ చెహరే మే."

హాల్లో తెలుగువాళ్లకూ బెంగాలీలకూ అందరికీ అర్థమయ్యే మాట అది. తలలన్నీ అత్త వైపు తిరిగాయి. ఆమె లేచి వెళ్లి ఆయన చేతిలో పుస్తకం తీసుకుంది. కాసేపు చూసింది. అచ్చులోని తన నుదుటి మీద వేలు పెట్టింది.

"ఏటండీ, నా బొట్టేది?"

మావయ్య వంగి చూశాడు. ఆయన ఆ ఫోటోలో నుదురు చూడడం అదే మొదటిసారి. తల ఎత్తి నా వైపు ఒక్కసారి చూశాడు. తర్వాత అందరి వైపూ తిరిగాడు.

"ఎర్ర ఫిల్టరు తినీసింది," అన్నాడు. "పేరు నేనే పెట్టాను. తప్పు నాదే."

వెనక ఎవరో నవ్వుతూ, "అరే భాభీ, ఫోటోలోనే కదా," అన్నారు.

"అలాగైతే నీ ఇంటిదాన్ని కూకోబెట్టి తియ్యి బాబూ," అంది అత్త.

నేను అప్పుడు లేచి నిలబడి ఉండవలసింది. నిలబడలేదు.

ఇంటికి వచ్చాక ఆమె కేకలు వేయలేదు. రోజూ లాగే ఇద్దరికీ వడ్డించింది. మజ్జిగ పోస్తూ అంది: "ఆ దేశంలో అందరూ మీరు పోయారనుకుంటన్నారు. ఉన్నారని రాయండి."

మర్నాడు సాయంత్రం అధ్యక్షుడు స్కూటరు మీద వచ్చాడు. ఒక్క మాట కోసం ఏళ్ల కష్టం పాడుచేసుకోవద్దన్నాడు. ఉత్తరం రాస్తే పతకం పోతుంది, బిరుదు పోతుంది, ఇంటి సంగతి ఇంట్లోనే సర్దుకోవాలన్నాడు. మావయ్య అంతా విన్నాడు. పతకం తన పనికి వచ్చిందా, తన చావుకు వచ్చిందా అని హిందీలో అడిగాడు. అధ్యక్షుడు టీ తాగి వెళ్లిపోయాడు.

మావయ్య నన్ను టైపు మిషను తెమ్మన్నాడు. "ఈసారి నేను సెప్పిందే కొట్టు," అన్నాడు. ఆ తప్పు గురించి జీవితంలో ఆయన నన్ను అన్న మాట అదొక్కటే. ఉత్తరంలో మూడు వాక్యాలు. ఫోటోలో ఉన్నది నా భార్య. నేను బతికే ఉన్నాను. పేరు అబద్ధం కనుక ఎంపికనూ పతకాన్నీ వెనక్కి పంపుతున్నాను.

పతకం దూదిలో చుట్టి పంపాడు. రెండు నెలలకు జవాబు వచ్చింది. ఎంపిక రద్దు చేశామని, అచ్చయిన పుస్తకాన్ని మార్చలేమని, చివర మీ భార్యకు మా నమస్కారాలని. ఆ చివరి వాక్యాన్ని మావయ్య నా చేత మూడుసార్లు చదివించాడు.

"నాకు మొగుడున్నాడని ఆ దొరకి తెలిసింది కదా," అంది అత్త. "సాలు."

ఆ తర్వాత ఆయన సాక్చి బజారులో జేబు డిక్షనరీ ఒకటి కొన్నాడు. నేను కొట్టిన ప్రతి మాటా అందులో వెతికేవాడు. మందులకు నల్లబడిన బొటనవేలి గుర్తు ఆ పుస్తకంలో పేజీ పేజీకీ ఉంటుంది. దొరకని మాటైతే, "ఇది వొద్దు, దీనికి సాక్ష్యం లేదు," అనేవాడు. నా ఉద్యోగంలో నేను నేర్చుకున్న మొదటి ఎడిటింగు అదే.

కొన్నాళ్లకు ఆకుపచ్చ ఫిల్టరు తెచ్చాడు. అది ఎరుపును నల్లగా చేస్తుంది. ఇంటి గుమ్మంలో, మబ్బుల్లేకుండా, అత్తను ఎదురుగా నిలబెట్టి తీశాడు. నుదుట బొట్టు గుండ్రంగా, నల్లగా, కొట్టొచ్చినట్టు వచ్చింది. పెదాలూ బుగ్గలూ కూడా నల్లబడ్డాయి.

"ఓలమ్మ, నేనింత నల్లగుంటానేటి?"

"బొట్టు ఉంది కదే."

"బొట్టే ఉంది. మొకం ఎక్కడా అవుపించట్లేదు."

దానికి 'నా భార్య' అని పేరు కొట్టమన్నాడు. ఇది మామూలు ఫోటో, పోటీకి నిలవదని అధ్యక్షుడు చెప్పాడు. ఆయన చెప్పినట్టే ఆరు దేశాల నుంచి తిరిగొచ్చింది. ప్రతిసారీ మావయ్య అట్ట దుమ్ము దులిపి మళ్లీ కట్టేవాడు. వేరే ఫోటో పంపమని నేను అన్నాను. "ఆ ఒక్కటీ దీంతోనే నిండాల," అన్నాడు. నాలుగేళ్లు పట్టింది. ఏడో దేశంవాళ్లు తీసుకున్నారు. బిరుదు కాగితం బీరువాలో చీరల కిందికి పోయింది. ఫోటోకు మాత్రం అద్దం కట్టించి ముందు గదిలో తగిలించాడు.

నేను ఆ ఊరు వదిలి వేరే పత్రికలో చేరాను. వెళ్లిన ప్రతిసారీ ఆ సంగతి ఎత్తబోయేవాణ్ణి. ఆయన అడ్డం వచ్చేవాడు.

"ఫోటోల కింద ఇప్పుడేటి రాత్తన్నావు?"

"ఎవరు, ఎక్కడ, ఎప్పుడు."

"ఎలాగున్నారో?"

"రాయను మావయ్యా. చూస్తే తెలుస్తుంది."

"బాగుంది," అనేవాడు. అంతటితో అయిపోయేది.

ఈసారి నేను చేరేసరికి మూడో రోజు. పదో రోజు జరగవలసినవి జరిగాయి. ఆ మర్నాడు ముందు గదిలోకి వెళితే గోడ మీద అద్దం కట్టిన ఆ ఫోటో లేదు. ఎవరో దింపి బీరువా మీద బోర్లా పెట్టారు. అత్త మంచం మీద కూర్చుని ఆయన ఫిల్టర్లను ఒక్కొక్కటీ మెత్తటి గుడ్డతో తుడిచి డబ్బాలో సర్దుతోంది. నేను పక్కన కూర్చున్నాను.

"అత్తా, ఆ పేరు మావయ్య పెట్టలేదు. నేను పెట్టాను."

"తెలుసు."

"మావయ్య చెప్పాడా?"

"ఆయనెందుకు సెప్తాడు? బొట్టు పోయిందనే ఆయనకి తెలవదు, ఆ పేరెలగ పెడతాడు? పైగా ఆయనకంత ఇంగ్లీసెక్కడిదిరా?"

"మరి ఇన్నేళ్లూ నన్ను అడగలేదేం?"

"పదిమందిలో తప్పు నాదన్నాడు. ఆయన అన్నాక నేనేటి అంతాను?" డబ్బా మూత పెట్టింది. "ఇప్పుడు ఆయన లేడు కదా. రాసుకో, ఎవులు పెట్టారో. ముందా ఫోటో మేకుకి తగిలించు."

వంటగది గుమ్మంలోంచి మా పిన్ని, మావయ్య చెల్లెలు, తొంగి చూసింది. "వదినా, ఇప్పుడా బొట్టుతో గోడ మీద ఎందుకే? వచ్చినోళ్లు ఏటనుకుంటారు?"

"ఆయన తీసింది. ఉండనీ."

నేను స్టూలు ఎక్కి అద్దాన్ని మేకుకు తగిలించాను. అత్త మంచం మీద నుంచి లేచింది. వెనక్కి నడిచి, గుమ్మం దాకా వెళ్లి, అక్కడ ఆగింది. కొద్దిగా వంగి, ఒక కన్ను మూసి చూసింది.

"ఎడమ పక్క దిగింది. పైకెత్తు. ఇంకొంచెం. బస్. కదలకు."

రెండు చేతులతో అద్దం పట్టుకుని నేను అలాగే నిలబడ్డాను. ఆమె ఇంకా చూస్తూనే ఉంది.