రాజం చప్పుడు కోసం గోదావరిఖనికి

ఈ ప్రయాణం ఒక ఫోన్‌కాల్‌తో మొదలైంది. నేను హైదరాబాద్‌లో ఒక విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ పాఠాలు చెప్తాను. పనితనం తెలిసిన పెద్దవాళ్ళ అనుభవాన్ని రికార్డు చేసి, కొత్తగా పని నేర్చుకునేవాళ్ళకు కంప్యూటర్ పాఠాలుగా మార్చడం నా పరిశోధన. నాలుగేళ్ళ కిందట గోదావరిఖనిలో ఏసోబు కాక అనే రిటైరైన గని కార్మికుడి దగ్గర మూడు రోజులు కూర్చుని అలాంటి పాఠం ఒకటి తయారుచేశాను. గనిలో పని మొదలుపెట్టే ముందు తలమీది కప్పును ఇనుపరాడ్డుతో తట్టి, ఆ చప్పుడును బట్టి అది నిలుస్తుందో కూలుతుందో చెప్పే విద్య ఆయనది. పోయిన నెల, కొత్త కార్మికులకు శిక్షణనిచ్చే తిరుపతన్న ఫోన్ చేశాడు. "మేడం, మీ పాఠం కొత్తగ చేరినోళ్లకు పెట్టిన. ‘ఇప్పుడు ఇనుండ్రి’ అంటడు కాక. ఏం ఇనవడ్తలేదు. మల్ల ‘ఇన్నరు గదా, గిది బోలు’ అంటడు. ఏం ఇనాలె మేడం?"

పాఠం తెరిచి విన్నాను. తిరుపతన్న చెప్పింది నిజమే. కాక "ఇను" అంటాడు, రెండు క్షణాలు నిశ్శబ్దం, తర్వాత "ఇన్నవా?" అంటాడు. రికార్డింగును శుభ్రం చేయడానికి మా ల్యాబులో ఒక ప్రోగ్రాం వాడతాం. మనిషి గొంతును ఉంచి మిగతాదంతా గోల కింద లెక్కేసి తీసేస్తుంది. ఫ్యాను రొద, ఆటోల మోత, కుక్కల అరుపులు అన్నీ పోయాయి, వాటితోపాటు కాక రాడ్డు దెబ్బలూ పోయాయి. గింజలు పారబోసి పొట్టు దాచుకున్నామన్నమాట. మేము మాటలు సరిగ్గా వచ్చాయా లేదా అన్నదే చూసుకున్నాం కాబట్టి ఎవరికీ తెలియలేదు. దాని మీద రాసిన వ్యాసం అచ్చయింది, ‘చక్కటి శుభ్రమైన ధ్వని’ అని మెచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు. అసలు రికార్డింగులు ఏవని వెతికితే అవీ లేవు, ప్రాజెక్టు ముగిశాక నియమం ప్రకారం వాటిని చెరిపేయమని సంతకం పెట్టింది నేనే. చదవేస్తే ఉన్న మతి పోయిందని మా అమ్మమ్మ అనేది, ఆ మాట నా కోసమే పుట్టినట్టుంది.

అందులో ఏం పోయిందో మీకు చెప్పాలి. గని లోపలికి ఫోన్లూ రికార్డర్లూ తీసుకెళ్ళనివ్వరు. అందుకని కాక నన్ను తాను ఉద్యోగంలో ఉన్నప్పుడు ఉండి ఖాళీ చేసిన పాత క్వార్టర్‌కు తీసుకెళ్ళాడు. వానకు నాని, అక్కడక్కడా లోపల పొర ఊడిన పాతకాలపు స్లాబు అది. ముందు గదిలో తడితే గంటలా పలికింది. అది గట్టి. వసారాలో డప్పులా మోగింది. అది బోలు. ఈ రెండూ ఎవరైనా పది రోజుల్లో నేర్చుకుంటారట. కానీ వంటగదిలో, పొయ్యి పైన, ఒక మూల ఉంది. అక్కడ తట్టినప్పుడు గట్టిలాగే పలికింది, చివర్లో మాత్రం ఏదో తేడా. ఇంకా ఊడలేదు గాని ఊడబోతున్న కప్పు అలా పలుకుతుందని కాక చెప్పాడు. దానికి గనిలో పేరేమీ లేదు. కాక దాన్ని ‘రాజం చప్పుడు’ అనేవాడు. రాజం ఆయనతో జోడీగా పనిచేసిన మనిషి. "గా చప్పుడు నాకు తెలుస్తలేదు బావా, నేర్పు" అని అడిగితే, కాక "అక్క బిడ్డ పెండ్లికి వోతున్న, అచ్చే వారం నేర్పుత" అన్నాడట. పెళ్ళి నుంచి తిరిగొచ్చేసరికి రాజం లేడు. కప్పు గట్టిదే అనుకుని దాని కింద నిలబడ్డాడు. ఇరవై ఏళ్ళుగా మోస్తున్న ఆ మాటను దించుకోవడానికే కాక నాకు మూడు రోజులు పాఠం చెప్పాడు. నేను దాన్ని చెరిపేశాను. ఫోన్లో చెప్పడానికి నోరు రాలేదు. మళ్ళీ రికార్డు చేసుకోవాలి, ముందు క్షమాపణ అడగాలి. ఆయన కూతురు సుగుణక్కకు ఫోన్ చేసి వస్తున్నానంటే "రాండ్రి, నాయిన సంబురపడ్తడు" అంది.

ఆదివారం పొద్దున ఎనిమిదిన్నర ప్రాంతంలో సికింద్రాబాద్‌లో కాగజ్‌నగర్ వైపు వెళ్ళే రైలెక్కాను. కూర్చుని వెళ్ళే రెండో తరగతి టికెట్ వంద రూపాయలకు కాస్త పైన అయింది. ముందుగా రిజర్వేషన్ చేసుకోకపోతే కనీసం కాజీపేట దాకా నిలబడక తప్పదు. జమ్మికుంట, పెద్దపల్లి దాటి రామగుండంలో దిగేసరికి పన్నెండున్నర. స్టేషన్ బయటే గోదావరిఖనికి షేర్ ఆటోలుంటాయి, మనిషికి ముప్పై రూపాయలు తీసుకున్నాడు. ఒడిలో రికార్డర్ సంచి చూసి డ్రైవర్ "ఎవలింటికి మేడం?" అని అడిగాడు. బాయిలో పనిచేసిన పెద్దాయన ఇంటికన్నాను. ఇక్కడ గనిని బాయి అంటారు. "అయితె జర గట్టిగ మాట్లాడాలె. మా నాయిన గూడ బాయిల జేసిండు. మిషన్ల మోతకు చెవులు పోయినయి. మా ఇంట్ల మంచిగ మాట్లాడుకున్నా బయటోళ్లకు లొల్లి లెక్కనే ఉంటుండె" అని నవ్వాడు. నేనూ నవ్వాను. అది నాకు చెప్తున్న మాటే అని అప్పుడు తట్టలేదు.

చౌరస్తాలో దిగి, పక్క సందులో బండి మీద సర్వపిండి కాలుస్తున్న ఒక అవ్వ దగ్గర ఆగాను. ఒకటి ఇరవై రూపాయలు, నువ్వులూ పల్లీలూ దండిగా వేసింది. ఈ ఊరికి వస్తే తినకుండా వెళ్ళకండి. "దీంతోని ఏం కడుపు నిండుతది బిడ్డా, ఇంకొక్కటి తిను" అని అడగకుండానే రెండోది ఆకులో పెట్టింది. తింటూ, కాక పాత క్వార్టర్లుండే లైనుకు దారి అడిగాను. అవ్వ చేయి ఆగిపోయింది. "గా లైన్లా? ఇంకేడున్నయి? పోయిన నెలల్నే కూలగొట్టిండ్రు. కప్పులన్ని కురుస్తుండె, ఎవ్వలుంటలేరాయె" అంది. రెండో సర్వపిండిని ముట్టుకోలేదు. పొట్లం కట్టించుకుని నడిచాను. పోనీ, ఇంకో పాత ఇల్లు దొరక్కపోదు, కాక చెవులుంటే చాలు, ఎక్కడో ఒకచోట ఆ చప్పుడు పట్టుకుంటాడని దారిపొడుగునా నాకు నేనే చెప్పుకున్నాను.

కాక ఇప్పుడు సుగుణక్క దగ్గర ఉంటున్నాడు. చౌరస్తా నుంచి పదిహేను నిమిషాల నడక. చర్చి నుంచి వచ్చి తెల్లచొక్కా ఇంకా విప్పకుండా వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నేను గేటు తీసిన చప్పుడుకు తలెత్తలేదు. "కాకా" అన్నాను, పలకలేదు. ఎదురుగా వెళ్ళి నిలబడ్డాక ముఖమంతా వెలిగింది. "నువ్వా బిడ్డా! మంచిగున్నవా? బువ్వ తిన్నవా?" అని వీధి చివరిదాకా వినపడేలా అడిగాడు. లోపలి నుంచి సుగుణక్క వచ్చింది. ఆమె ఇక్కడే బడిలో టీచరు. "రెండేండ్లాయె మేడం, మొత్తమే ఇనవడ్తలేదు. చెవుల మిషన్ పెట్టిస్తిమి. అన్ని చప్పుళ్లు ఒక్కతీర్గనే ఉన్నయని తీసి అవుతల పెట్టిండు. చర్చిల పాట అందరికంటె ముందుగాల ఎత్తుకుంటడు, అందరు ఆపినంక గూడ పాడుతనే ఉంటడు" అంది. ఫోన్లో ఎందుకు చెప్పలేదని అడగబోయి ఊరుకున్నాను. ఈ నాలుగేళ్ళలో ఆయన ఎలా ఉన్నాడని నేను ఒక్కసారైనా అడిగానా?

ఇక చెప్పాల్సింది కాగితం మీదే చెప్పాలి. సుగుణక్క ఒక నోటుపుస్తకం ఇచ్చింది. పెద్ద పెద్ద అక్షరాలతో రాశాను. ‘కాకా, మీ మాటలు ఉన్నాయి. రాడ్డు చప్పుళ్ళు పోయాయి. తప్పు నాది.’ ఇంతకాలం ఎన్నో రాశాను గాని మూడు వాక్యాలకు ఇంత సేపు ఎప్పుడూ పట్టలేదు. కాక కళ్ళద్దాలు పెట్టుకుని ఒక్కో అక్షరం కింద వేలు జరుపుతూ చదివాడు. చివరికి వచ్చి మళ్ళీ మొదటికి వెళ్ళాడు. తర్వాత నా వైపు చూసి, ఈసారి గొంతు బాగా తగ్గించి, "రాజంది గూడ పోయిందా?" అన్నాడు. తలూపాను. నాకు ఏడుపు ఆగలేదు. ఆయన నోటుపుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుని కాసేపు దాని అట్టనే నిమిరాడు. "నేను గూడ గట్లనే జేస్తిగదా బిడ్డా. అచ్చే వారం నేర్పుత అంటి" అన్నాడు. తిట్టినా నాకు ఇంత బాధ కలిగేది కాదు.

రెండున్నరకు కాక లేచి మూలనున్న రాడ్డు తీసుకున్నాడు. సుగుణక్క వద్దన్నా వినలేదు, నిజానికి ఆమె ఏమన్నదో ఆయనకు తెలియదు. నన్ను వెంటబెట్టుకుని పాత లైన్ల వైపు నడిచాడు. ఆదివారం కాబట్టి కూల్చే యంత్రాలు ఒక పక్కన ఆగి ఉన్నాయి. ఎక్కడ చూసినా ఇటుకల కుప్పలు, వంగిన ఇనుపచువ్వలు. కాక మాత్రం అడుగులు లెక్కపెట్టుకుంటూ వెళ్ళి ఒకచోట ఆగాడు. మసి పట్టి నల్లగా ఉన్న స్లాబు ముక్క ఒకటి నేలమీద పడుంది. "మా వంటిల్లు" అన్నాడు. వంగి, ఎడమ అరచేయి దానిమీద ఆనించి, కుడిచేత్తో రాడ్డు పట్టుకుని తట్టాడు. చెవులు లేకపోతేనేం, చేతికి అదురు తెలుస్తుందని ఆయన ఆశ. నేను రికార్డర్ ఆన్ చేశాను. ఒకటి, రెండు, మూడు దెబ్బలు. పక్క ముక్క, దాని పక్క ముక్క. నాకు అన్నీ ఒకేలా వినిపించాయి, రాయిని రాయితో కొట్టినట్టు. కాక నిటారుగా లేచి నిలబడి తల అడ్డంగా ఊపాడు. "కిందవడ్డ కప్పు పలుకది బిడ్డా. మీదున్నప్పుడే పలుకుతది" అన్నాడు.

వెళ్దాం పదండని చేయి పట్టుకున్నాను. ఆయన కదల్లేదు. నా చేతిలోని రికార్డర్‌ను వేలితో చూపించి, దాన్ని తన నోటి దగ్గరకు తెచ్చుకున్నాడు. నాలుకను అంగిటికి ఆనించి ఒక చప్పుడు చేశాడు. తల పక్కకు వంచి, లోపలెక్కడో వెతుక్కుంటున్నట్టు కళ్ళు మూసుకుని మళ్ళీ చేశాడు. మొదటిది చిటికె వేసినట్టుంది, రెండోది మూత తీసినట్టుంది. మూడోది దగ్గులో కలిసిపోయింది. మూడింటికీ పోలిక లేదు. తన చప్పుడు తనకే వినపడని మనిషి ఇంకేం చేయగలడు? చొక్కా మీద దుమ్ము దులుపుకుని నా ముఖంలోకి చూస్తూ అడిగాడు. "అచ్చిందా బిడ్డా? రాజందే గదా?"

వచ్చిందని తలూపాను. కాక నవ్వాడు, నిజంగా బరువు దించుకున్నవాడి నవ్వు. దారంతా నా భుజం మీద చేయి వేసుకుని నడిచాడు. ఇంటికొచ్చాక సుగుణక్క చాయ్ పెట్టింది, అవ్వ దగ్గర కట్టించుకున్న సర్వపిండిని కాక మూడు ముక్కలు చేసి పంచాడు. "ఇగ నిమ్మలం. కొత్తోళ్లకు ఇనిపియ్యి" అన్నాడు నేను బయల్దేరేటప్పుడు.

తిరుగు ప్రయాణం నాలుగున్నరకు బస్సులో. గోదావరిఖని బస్టాండు నుంచి కరీంనగర్ మీదుగా హైదరాబాద్‌కు ఎక్స్‌ప్రెస్‌లు తరచుగానే ఉంటాయి, దాదాపు ఐదున్నర గంటలు పడుతుంది. ఆడవాళ్ళకు ఆధార్ కార్డు చూపిస్తే జీరో టికెట్, డబ్బు కట్టక్కర్లేదు. బసంత్‌నగర్ దగ్గర సిమెంటు లారీల వెనక బస్సు చాలాసేపు ఆగింది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆ మధ్యాహ్నం చేసిన రికార్డింగు విన్నాను. స్లాబు ముక్కల మీద దెబ్బలు, గాలి, దూరంగా ఏదో బండి హారన్, కాక నాలుక చప్పుళ్ళు మూడు. ఏదీ తీసేయలేదు, తీసేయను. కానీ తిరుపతన్నకు దీన్ని పాఠంగా పంపలేను. ఇది రాజం చప్పుడు కాదు. ఇది నమ్మి ఎవరో ఒకరు కప్పు కింద నిలబడితే ఆ పాపం నాది. మర్నాడు తిరుపతన్నకు ఫోన్ చేసి, ఆ పాఠం ఇక పెట్టొద్దని, అందులో అసలు పాఠం లేదని చెప్పాను. కాకకు మాత్రం చెప్పలేదు. చదువుకున్నదాన్ని, పెద్ద పెద్ద యంత్రాలున్నదాన్ని, ఆ మూడు రోజులూ ఆయన పక్కనే కూర్చుని ఆ చప్పుడును స్వయంగా విన్నదాన్ని. ఇప్పుడు గుర్తు చేసుకుందామంటే నాకు ఒక్క దెబ్బయినా గుర్తు లేదు. యంత్రం వింటోంది కదా అని నేను వినలేదు.

ఇలాంటి పని మీద వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట. రైలు టికెట్ ముందుగా చేసుకోండి, సర్వపిండి తినండి, అవన్నీ ఎవరైనా చెప్తారు. నేను చెప్పేది ఇది. ఎవరి దగ్గరైనా ఏదైనా రికార్డు చేస్తే, ఇంటికి తెచ్చి శుభ్రం చేశాక, మళ్ళీ ఒకసారి బస్సెక్కి వెళ్ళి దాన్ని ముందు వాళ్ళకే వినిపించండి. ఏది గోలో ఏది పాఠమో వాళ్ళు చెప్తారు. వాళ్ళకు ఇంకా వినపడుతుండగానే వెళ్ళండి.