చల్ల అమ్మని ఇల్లు

నా చిన్నప్పుడు మా ఇంట్లో పాలు అమ్మేవాళ్లం, నెయ్యి అమ్మేవాళ్లం, ఆఖరికి పిడకలు కూడా అమ్మేవాళ్లం. చల్ల మాత్రం అమ్మలేదు. వెన్న తీశాక మిగిలిన మజ్జిగనే మేం చల్ల అంటాం. పొద్దున్నే అరుగు మీద కుండ పెట్టుకుని కూర్చోవడం, ముంత పట్టుకొచ్చిన వాళ్లకు ముంతెడు పోయడం, అంతే. పాడి ఉన్న ఏ ఇంట్లోనైనా అప్పట్లో అదే మర్యాద. కానీ ఆ మర్యాద కోసం ఊరి మునసబుతో తగువు పెట్టుకున్నది మాత్రం మా నాయనమ్మ ఒక్కతే.

మా ఊరు గరికపాడు నుంచి జగ్గయ్యపేటకు వచ్చే బాట పక్కన ఉంటుంది. మా తాత వయసులోనే పోయాడు. పుట్టింటివాళ్లు తోలిపెట్టిన ఒక్క చూడి గేదెతో నాయనమ్మ పాడి మొదలుపెట్టింది. నాకు ఊహ తెలిసేనాటికి దొడ్డి నిండా గేదెలే. పిడకల దాలిలో పాలు ఎర్రగా కాగుతుండేవి. కవ్వం చప్పుడుకే నాకు మెలకువ వచ్చేది. నెయ్యి పేటలో షావుకార్ల ఇళ్లకు వెళ్లేది. మా తిండీ బట్టా అంతా ఆ నేతిలోంచే రావాలి. బొట్టులేని ఆడది ఎదురొచ్చిందని వెనక్కి తిరిగి ఇంట్లోకెళ్లి కూర్చునే ఊరు అది. ఆ ఊళ్లోనే ఆవిడ చేతి నెయ్యి లేకుండా ఒక్క పెళ్లీ జరిగేది కాదు. ఆ మాట అంటే నాయనమ్మ నవ్వేది. అది మంచి నవ్వు కాదు.

నైజాం వైపు రజాకార్ల గొడవలు ముదిరిన ఏడాది, ఎండలు మొదలయ్యే వేళకు మా బాట నిండా జనం. మూటలు నెత్తిన పెట్టుకుని, పిల్లల్ని చంకనేసుకుని, ఇళ్లు వదిలి సరిహద్దు ఏరు దాటి వచ్చినవాళ్లు. పేట వైపు తోటల్లో, పాకల్లో తలదాచుకున్నారు. వాళ్లు వచ్చే దారిలో మొదటి అరుగు మాది. మొదట్లో నలుగురైదుగురు ఆగేవాళ్లు. రానురాను వాకిలి పట్టలేదు. నాయనమ్మ చల్లలో నీళ్లు కలిపి, ఉప్పు వేసి, ఎంతమంది వస్తే అంతమందికీ పోసేది. ఎక్కడివాళ్లు, ఏమిటివాళ్లు అని అడగలేదు. ఇంట్లో మాకూ ఆ నీళ్లచల్లే. చిక్కటిది దాచిపెట్టమని నేను పేచీ పెడితే, వాకిట్లో ఏది పోస్తున్నామో అదే మన అన్నంలోకి కూడా అంది.

మునసబుకు ఇది నచ్చలేదు. ఆయన చెడ్డవాడు కాదు, భయపడ్డాడు. ఇంతమంది ఒకచోట చేరితే వాళ్లను తరుముకుంటూ వచ్చేవాళ్లు మన ఊరి మీద కూడా పడతారని ఆయన బెంగ. ఒక రోజు వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. పోయొద్దని అనలేదు. ముంతకు ఏదో ఒక వెల పెట్టమన్నాడు.

“ఒక్క కాణీ పెట్టి చూడు పిన్నీ. సగం మంది రేపట్నించి రారు. నీకూ పీడ పోద్ది, ఊరికీ పీడ పోద్ది.”

నాయనమ్మ చేతిలో కొబ్బరిచిప్ప గరిటె ఆగలేదు. పోస్తూనే జవాబు చెప్పింది.

“మీ అమ్మ నిన్ను చంకనేసుకుని ఇదే అరుగు కాడ నిలబడేది అబ్బాయ్. అప్పుడు నేను కాణీ అడిగుంటే నువ్వింత పొడుగయ్యేవాడివా?”

వాకిట్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వే మా కొంప ముంచింది. మునసబు మొహం మాడిపోయింది. మర్నాటి నుంచి చెరువు వెనక బీట్లోకి మా గేదెల్ని రానివ్వొద్దని కాపలావాళ్లకు చెప్పాడు. ఊళ్లో పశువులన్నీ మేసే బీడు అది. ఎండాకాలం మాకు వేరే మేత లేదు. వాములో చొప్ప అడుగంటింది. మేత లేకపోతే గేదెలు ఒట్టిపోతాయి. పాలు పోతే నెయ్యి పోతుంది, నెయ్యి పోతే మేం పోతాం. మా నాన్న మెత్తటి మనిషి. తల్లి ముందు చేతులు కట్టుకుని, ఓ నెల్లాళ్లు కుండ ఎత్తేద్దామమ్మా, గొడవలు సద్దుమణిగాక మళ్లీ పెట్టుకుందాం అని బతిమాలాడు. నాయనమ్మ వినలేదు. కుండ ఒకసారి లోపలికి వెళ్తే మళ్లీ బయటికి రాదురా అంది.

గేదెలు చిక్కిపోయాయి. పొదుగులు వాడిపోయాయి. చల్ల ఇంకా పలచబడింది. వచ్చేవాళ్లకు సంగతి ఎలా తెలిసిందో తెలిసింది. ఒకరోజు ఏరు అవతల ఊరావిడ ఒకతి గరిక మోపు నెత్తిన పెట్టుకొచ్చి నాయనమ్మ కాళ్ల దగ్గర దింపింది.

“ఊకెనే తాగబుద్ధి కాలే అవ్వా. ఏటి ఒడ్డుకు కోసుకొచ్చిన. మీ బర్లకు ఎయ్యి.”

“నా ముందు దించుతావేంటే, గడ్డి నేను తింటానా?” అంది నాయనమ్మ. “అది నీకూ గేదెకూ సంగతి. పోయి దాని ముందు వెయ్యి.”

అందరూ నవ్వారు, ఆవిడా నవ్వింది. నాకు ప్రాణం లేచొచ్చింది. అయితే ఆవిడ వెనక ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. పక్కన చిన్నపిల్ల. ఆయన ఆ మోపు వైపు చూశాడు, తన ఖాళీ చేతుల వైపు చూసుకున్నాడు, ముంత పంచెలోకి దోపుకుని పిల్లను పట్టుకుని వెనక్కి తిరిగాడు. నాయనమ్మ గరిటె అప్పుడు ఆగింది. లేచి వెళ్లి ఆయన రెక్క పట్టుకుని తీసుకొచ్చి, ముందు ఆ పిల్లకు పోసింది.

ఆ మధ్యాహ్నమే మా నాన్నను పిలిచి, దొడ్డి వెనక సందులోకి ఉన్న మట్టిగోడకు, గేదెలు మేసే గాటి పక్కన, మోపు పట్టేంత కంత కొట్టించింది. ఇక వాకిలి వైపు నుంచి గడ్డిపరక రావడానికి వీల్లేదంది. తెచ్చేవాళ్లు వెనక సందులోంచి పడేసి పోవాలి. ముందు వైపు మాత్రం అందరూ ఉత్త చేతులతోనే రావాలి. అప్పుడిక తెచ్చిందెవరో తేనిదెవరో వాకిట్లో తెలీదు. మర్నాటి నుంచి ఆ కంతలోంచి గరిక పడేది, తుమ్మకాయలు పడేవి, రావి మండలు పడేవి. గేదెల కడుపులు నిండాయి. నేను ఊరుకోలేక, ఎవరెవరు వేస్తున్నారు నాయనమ్మా అని అడిగితే, “నాకేం తెలుసు, గేదెనడుగు” అనేది. మునసబు కూడా ఒకసారి బాట మీద ఆపి, నీ గేదెల్ని ఎవరు మేపుతున్నారు పిన్నీ అని అడిగాడట. ఆయనకూ అదే జవాబు.

ఒకరోజు పొద్దున గాట్లో పచ్చటి పిల్లిపెసర కట్టలు పడి ఉన్నాయి. ఆ ఎండల్లో మా ఊరి మొత్తానికి పిల్లిపెసర ఉన్నది ఒక్కచోటే, మునసబు బావి కింద. నేను నోరు తెరిచాను. నాయనమ్మ నా వైపు చూసింది. నోరు మూసుకున్నాను. మునసబు వేయించాడో, ఆయనకు తెలియకుండా ముసలి తల్లి వేయించిందో, ఈరోజుకీ నాకు తెలీదు. బీడు మాత్రం వానలు పడేదాకా తెరవలేదాయన. కుండ ఒక్కరోజు కూడా ఎత్తలేదు ఈవిడ. గొడవలు అణిగి వాళ్లంతా ఏరు దాటి వెళ్లిపోయేదాకా పోస్తూనే ఉంది.

నా మొగుడు ఇల్లరికం వచ్చాడు కాబట్టి నేను ఆ ఇంట్లోనే ఉండిపోయాను. ఆయనా మా తాతలాగే తొందరగానే పోయాడు. అప్పటికి నాయనమ్మా లేదు, నాన్నా లేడు. దాయాదులు వచ్చారు. మగదిక్కు లేనిదానివి, పాడి ఏం చేస్తావు, గేదెల్ని మాకు తోలేసి ఓ మూల కూర్చుని తిను అన్నారు. నేను పలుపు తాడు చేతికి చుట్టుకుని నిలబడ్డాను. విప్పుకోండి చూద్దాం అన్నాను. ఎవరూ విప్పలేదు. ఇల్లు తిరగేసి కట్టేటప్పుడు ఇటుకగోడ లేపుతూ మేస్త్రీ ఆ కంత పూడ్చేస్తానన్నాడు. నా చెయ్యి అడ్డం పెట్టాను. ఇటుకగోడలో కూడా అది ఉంది. అరుగు మీద చల్లకుండా ఉంది. ఇప్పుడు లారీవాళ్లు ఆగి తాగుతారు. డబ్బులివ్వబోతే తిడతాను.

మొన్న మా మనవడు దొడ్డి ముందు బోర్డు పెట్టిస్తానని కూర్చున్నాడు. చరిత్ర గల పాడి కదా మామ్మా, ఎవరు నిలబెట్టారో పేరు రాయిద్దాం అన్నాడు. మా నాయనమ్మ పేరు చెప్పేదాన్నే. ఏటి ఒడ్డున గరిక కోసినావిడ పేరు నాకు తెలీదు. ముంత దోపుకుని వెనక్కి తిరిగినాయన పేరూ తెలీదు. పిల్లిపెసర ఎవరు వేశారో అంతకన్నా తెలీదు. వాళ్లందర్నీ వదిలేసి ఒక్క పేరు రాయిస్తే మా నాయనమ్మే ఒప్పుకోదు.

గేదెనడుగు అన్నాను.