సిరిల్ మేస్త్రి గరుకు పని

సిరిల్ మేస్త్రి చేసిన గచ్చు మీద చీమ కూడా నిలదొక్కుకోలేదని తోల్మిన్ కొండల్లో చెప్పుకుంటారు. నలభై ఏళ్లుగా అదే ఆయన గొప్ప, అదే ఆయన జబ్బు.

వాగు రోడ్డు కిందుగా పోయేచోట ఇరుకు సిమెంటు గొట్టం ఉండేది. దాని మూతి నుంచి నీళ్లు మూరెడు కిందికి దూకేవి. ఒంటినిండా పాలరాతి చారలుండే ట్రౌట్ చేపలు గుడ్లు పెట్టడానికి ఏటికెదురు వచ్చి, అక్కడ తలలు బాదుకుని తిరిగిపోయేవి. చేపల సంఘం పిల్ల మిలోయ్కా ఊరంతా తిరిగి, పోట్లాడి, ఆ గొట్టం పీకించింది. దాని చోట వెడల్పాటి కమాను లేచింది. దాని కింద నీళ్లు పారే అడుగు పని మిలోయ్కా మేస్త్రికి అప్పజెప్పింది.

"బాబాయ్, అడుగు గరుకుగా ఉండాలి. రాళ్లు పైకి తేలి ఉండాలి."

ఆయన తలూపాడు. సాయంత్రం ఆమె వచ్చి చూస్తే అడుగంతా అద్దం.

"ఇదేంటి బాబాయ్! చేపలకు డాన్సు హాలు కట్టావా?"

"చేతకానివాడి పని నా చేత్తో చేయమంటావా? జనం చూస్తే ఏమంటారు?"

"జనం పైనుంచి పోతారు. కిందినుంచి పోయేది చేపలు!"

మేస్త్రి వినలేదు. పక్కకు మళ్లించిన వాగును ఆ వారం చివర మళ్లీ వదిలారు. నవంబరు సగం గడిచింది. కమాను దిగువ మడుగులో ఒక ఆడచేప నిండు కడుపుతో తిరుగుతోంది. మూడుసార్లు ఎగబాకింది, ఆ నునుపు మీద మూడుసార్లూ జర్రున జారిపడింది. ఇంకో వారమైతే ఆ ఏడాదికి గుడ్ల కాలం దాటిపోతుంది. ఒడ్డున చూస్తున్న మేస్త్రి ముఖం నల్లబడింది.

ఆయన భార్య పావ్లా నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "నీ వంటింటి గచ్చు మీద నేను నలభై ఏళ్లుగా జారుతున్నాను. అప్పుడు నీకు జాలి కలగలేదు. చేప జారితే కలిగిందా?"

మర్నాడు వాగును మళ్లీ మళ్లించి, సుత్తి, ఉలి పట్టుకుని తన పనిని తానే పగలగొట్టాడు. ఏటి బండలు తెచ్చి అడ్డదిడ్డంగా పాతాడు. చెయ్యి అలవాటుగా ఒక్క రాయిని వరసలో పెట్టినా పావ్లా దాన్ని కాలితో తన్నేది.

నాలుగోనాడు నీళ్లు వదిలారు. ఆడచేప మొదటి బండ చాటున ఆగి, ఊపిరి తీసుకుని, రెండోదాని చాటుకు చేరింది.

"ఆ మూడో రాయి కాస్త ఎడమకి ఉండాల్సింది," అంటూ మేస్త్రి లేచాడు.

పావ్లా కోటు పట్టి లాగి కూర్చోబెట్టింది. "కదిలావో, ఇవాళ కూడు లేదు!"

చేప తోక ఒక్కసారి విదిలించి, కమాను నీడ దాటి పైవాగులోకి వెళ్లిపోయింది.