గంజి పెట్టిన చీర

అమ్మ, మేం పిలిచే పేరుతో అవ్వ, పోయాక మొదటి సాయంత్రం, నా భార్య చెంబు పట్టుకుని ఆవు పక్కన కూర్చుంటే అది ఒక్క చుక్క విడవలేదు. దూడను వదిలినా పొదుగుకు పాలు చేపలేదు. చూడవచ్చిన పక్కింటి అక్క ఆమె చెవిలో మెల్లగా చెప్పింది.

"మీ అత్త చీర చుట్టుకో పిల్లా. గప్పుడు చేపుతది."

మా వైపు అది పాత పద్ధతే. పాలు పిండే మనిషి ఊరికి పోతే, ఆమె బదులు పిండేవాళ్లు ఆమె చీర చుట్టుకుని కూర్చుంటారు. నా భార్య అవ్వ కట్టి విడిచిన ముదురాకుపచ్చ చీరను తన చీర మీదనే చుట్టుకుంది. ఆవు మెడ తిప్పి కొంగును వాసన చూసింది. కాసేపటికి చెంబులో పాలధార మోగింది. అవ్వ పోయిన సంగతి ఆ కొట్టంలో ఇంకా ఎవరికీ తెలియదని అర్థమైంది.

ఆ చీరను తర్వాత ఎప్పుడూ ఉతకలేదు. పాలు పిండడం అయ్యాక కొట్టంలో గోడ పక్కనున్న చెక్క గుంజకు వేలాడదీసేవాళ్లం. బతికున్నప్పుడు అవ్వ, పాలు పిండడానికి చేతులకు రాసుకున్న నూనెలో మిగిలింది ఆ గుంజకే రాసేది. రాసి రాసి ఆ చోటు నల్లగా నున్నబడింది.

నాది బొగ్గు గనిలో ఉద్యోగం. కంపెనీ క్వార్టర్ వదిలి, సుల్తానాబాద్ పక్కన కొంచెం జాగా కొని ఇల్లు కట్టుకున్నాం. ఒక ఆవు, రెండు మేకలు, నాటు కోళ్లు, నా కూతురు పట్టుబట్టి తెప్పించుకున్న బాతులు. జీతమున్నోనికి గివన్నీ సోకులని తోటి కార్మికులు నవ్వేవారు. నేను బడిలో చదివింది తక్కువ. డ్యూటీ దిగాక కాలనీ లైబ్రరీలో కూర్చుని చదివిందే నా చదువు. బీరువాల్లో నేను ముట్టని పుస్తకం లేదని ఇప్పటికీ గర్వంగానే చెప్పుకుంటాను. పశువుల పాలు ఎట్లా దిగుతాయో, వాసనకూ జ్ఞాపకానికీ మెదడులో ఎంత దగ్గరో అక్కడే చదివాను. ఒకసారి కొట్టంలో నిలబడి అదంతా అవ్వకు వివరిస్తే ఓపికగా విన్నది.

"మంచిగ చదివినవ్ బిడ్డా. జర పక్కకు జరుగు, దానికి గాలి తగులుతలేదు."

ఈ ఎండాకాలం సెలవుల్లో కూతురిని సముద్రం చూపించడానికి విశాఖపట్నం తీసుకుపోయాం. జీవాలను పక్కింటి అక్కకూ బావకూ అప్పగించాం. పద్ధతి గల మనుషులు. ఆదివారం చర్చికి పోయేముందు వాకిట్లో ఒక్క ఆకు కూడా ఉండనివ్వరు. మేకలకు ఏం వేయాలో, బాతులను ఎప్పుడు మూయాలో నా భార్య చెప్పింది. గుంజ మీది చీరను అక్క తనంతట తానే చూపించి, దీని సంగతి నాకు ఎరుకే, ఫికర్ చేయకుండ్రి అన్నది.

బీచిలో ఇసుక మీద కూర్చున్న సాయంత్రం బావ వీడియో కాల్ చేశాడు. అంతా మంచిగున్నదని చూపించడానికి ఫోన్ తిప్పుకుంటూ కొట్టంలోకి నడిచాడు. ముందు మేకలు కనిపించాయి. తర్వాత ఆవు. దాని పక్కన ముదురాకుపచ్చ చీరలో, తల మీద కొంగుతో, కొంచెం ఎడమకు ఒరిగిన వీపు. అవ్వ అట్లాగే ఒరిగి కూర్చునేది. నా కూతురు ఫోన్ తన చేతిలోకి తీసుకుని నా వైపు తిరిగింది.

"బాపూ, బాపమ్మ ఇంటికొచ్చిందా?"

అక్క ఇటు తిరిగి నవ్వింది. నేనూ నవ్వాను. కానీ ఆమె తిరగకముందు ఆ కాసేపు నాలో ఉండిపోయింది. మిగిలిన సెలవంతా అలలను చూస్తున్నా నాకు ఆ వీపే కనిపించింది. తొందరగా ఇల్లు చేరాలని ఉండేది. ఎవరున్నారని ఆ తొందరో నన్ను నేను అడగదలచుకోలేదు.

తిరిగి వచ్చేసరికి జీవాలన్నీ క్షేమం. కొట్టం అద్దంలా ఉంది. గుంజ ఖాళీగా ఉంది. అక్క తన ఇంట్లోంచి రెండు చేతులతో చీర తెచ్చింది. అంచుకు అంచు కలిపి మడత పెట్టి ఉంది. తీసుకుంటే అట్టలా గట్టిగా తగిలింది.

"ఇంకొకల్ల చీర మాసింది ఎట్లిస్త తమ్మీ? పొద్దుగాల పాలు పిండినంక మంచిగ సబ్బు పెట్టి ఉతికి, గంజి పెట్టిన."

అడిగి తెచ్చుకున్న చీరను ఉతికి ఇవ్వడం మర్యాద. ఆమెను ఏమనగలం? మంచి పని చేసినవ్ అక్కా అన్నాను. మడతల్లో ముఖం పెట్టి చూశాను. సబ్బు వాసన, ఎండ వాసన.

ఆ సాయంత్రం నా భార్య ఆ చీరనే చుట్టుకుని కూర్చుంది. అది కదిలినప్పుడల్లా గరగరమన్నది. ఆవు కొంగును వాసన చూసి, తల ఎగరేసి, కాలు విదిల్చింది. మళ్లీ చూసింది. చేపలేదు. పక్కనే నిలబడ్డ అక్క ముఖం చిన్నబోయింది. తను పిండుతానని ముందుకు వచ్చింది. నేను వద్దన్నాను. అవ్వ పోయిందని ఆవుకు ఆ సాయంత్రమే తెలిసినట్టు అనిపించింది. మాకు కూడా.

నా భార్య పైన చుట్టుకున్న ఆ చీర విప్పి నా భుజం మీద వేసి, తన మామూలు చీరలో పక్కన నిలబడింది. అప్పుడు ఆవు పలుపు సాగేదాకా మెడ చాచి, గుంజ మీది ఆ నల్లటి చోటుకు మూతి ఆనించింది. నెమ్మదిగా నాకింది. అట్లాగే చాలాసేపు నిలబడింది. నా భార్య చప్పుడు చేయకుండా కూర్చుని పొదుగు మీద చేయి వేసింది.

"చేపింది," అన్నది అక్క, గొంతు తగ్గించి.

చీర పెట్టెలో ఉంది. గుంజకు మేమిప్పుడు ఏమీ తగిలించడం లేదు. పాలు పిండే ముందు ఆవు ప్రతి పూటా అటే తిరుగుతుంది. అది తల ఇటు తిప్పేదాకా నా భార్య చెంబు పట్టుకుని నిలబడే ఉంటుంది.